ఒకటి, మూడు, నాలుగు, రెండు

నెల్లిమర్లలో మూతపడ్డ గోడౌను వెనక
కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న బండి అది.
గోవాలో కట్టారట. ఎరుపు. రెండే సీట్లు.
పైన గుడ్డ టాపు, ఆ గుడ్డలో ఎలకల సంసారం.
ముప్పై ఏడు వేలిచ్చి, ట్రాక్టరు వెనక కట్టించి
కంటోన్మెంటులో మా వాకిట్లోకి తెచ్చుకున్నాను.
"స్కూటీ బ్రేకు బిగించుకోడం రాదు,
దీన్నేటి సేత్తావే?" అంది పక్కింటి సూరమ్మప్ప.
నిజమే. రాదు.

నాకు వచ్చింది ఒకటే పని.
ఇరవై రెండేళ్లు విజయనగరం స్టేషన్లో
ఆర్.ఎం.ఎస్. గదిలో, రాత్రి బండి వచ్చేలోగా
ఉత్తరాలు గూళ్లలో వేయడం.
పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు, రాయగడ.
కళ్లు మూసుకున్నా చెయ్యి గూటిని మర్చిపోదు.

అందుకే ఇంజను విప్పినప్పుడు
ఒక్క నట్టు కూడా నేలమీద పెట్టలేదు.
పాత కవర్లలో వేసి పైన రాశాను:
నీళ్ల పంపు, ఎడమ, కింద, పొడుగుది.
వాల్వులు ఎనిమిది. నాలుగు గుంటల ఇడ్లీ రేకులు రెండు.
ఏ గుంటలోది ఆ గుంటలోనే.
రెండు నెలలు ఆదివారాలు ఉప్మాయే.

హెడ్డు ఎత్తితే నాలుగు నూతులు.
మూడో దాని గోడమీద సన్నటి గాటు.
కళ్లజోడు పెట్టుకున్నా కనపడలేదు, గోటికి తట్టింది.
"గోరు తగిల్తే బోరు కొట్టాల" అన్నాడు
కోట దగ్గర లేతు షాపాయన. పేరే గురువులు.
బ్లాకుని ఆటోలో పడుకోబెట్టి, దుమ్ము పడకుండా దుప్పటి కప్పాను.
డ్రైవరు అద్దంలో చూసి చూసి, చివరికి
ఎవరమ్మా, అన్నాడు మెల్లగా.

పావు మిల్లీమీటరు. అంతే తీశాడు గురువులు.
దానికి నాలుగు పిస్టన్లూ కొత్తవి కావలసొచ్చాయి.
మొదటి రింగు నా చేతిలోనే విరిగింది,
అప్పడం చప్పుడు.
ఇంకోటి రావడానికి పదకొండు రోజులు.
కొరియరు కుర్రాడు తెచ్చాడు. నాకు కాస్త చిన్నతనమైంది.

హెడ్డు బోల్టులు మధ్య నుంచి మొదలు,
ముగ్గు చుక్కల్లాగా బయటికి, ఒకటి అటు, ఒకటి ఇటు.
పానా ఠక్కుమంటుంది. అక్కడ ఆగాలి.
ఇంకొంచెం బిగిస్తే పోయేదేముంది, అంటుంది చెయ్యి.
ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చున్నాను.

తాళం తిప్పిన సాయంత్రం
పిట్టగోడ మీద తొమ్మిది తలకాయలు.
దగ్గింది. తుమ్మింది. వెనక గొట్టంలో టపాకాయ పేలింది.
సూరమ్మప్ప తలుపేసుకుంది.
మూడు సాయంత్రాలు అదే వరస,
నాలుగో రోజు ఒక్క తలకాయ కూడా లేదు.

ఆ రాత్రి పన్నెండున్నరకి, టార్చిలైటు నోట్లో పెట్టుకుని చూస్తే
ఒకటో ప్లగ్గు తీగ రెండోదానికి,
రెండోది ఒకటోదానికి.
సర్వీసంతటిలో సాలూరు సంచి బొబ్బిలికి పంపింది ఒక్కసారే,
మెమో ఇచ్చారు.
దీనికి ఎవరిస్తారు?
నవ్వితే టార్చి జారి కిందపడింది.

ఒకటి, మూడు, నాలుగు, రెండు.
ఏ పోస్టుమానూ తిరగని బీటు.
తీగలు మార్చి, మళ్లీ తిప్పాను.

పట్టుకుంది.
వంటింట్లో అలమారు మీద ఇడ్లీ రేకులు గలగలమన్నాయి.
పక్కింట్లో లైటు వెలిగింది.
"కోళ్ల బండేనేటే అది?"
నైటీమీద తువ్వాలు కప్పుకుని వచ్చి
రెండో సీట్లో, అడక్కుండానే, కూర్చుంది సూరమ్మప్ప.

కవరొకటి మిగిలింది.
లోపల పొట్టి బోల్టు. పైన నా రాతే,
ఆయిలు తగిలి అలుక్కుపోయింది.
అలాంటివాటికి మా గదిలో వేరే గూడుండేది.
రేపు డెంకాడ దాకా పోయొస్తాం,
అది నా జాకెట్లో ఉంటుంది.